జంట దోనెల మీద నాలుగు వేల మైళ్ళు

కొల్లేటి లంకల్లో తాటిదోనె ఎక్కినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. దోనెలో నడిమధ్య కదలకుండా కూర్చోవాలి. మనం కొంచెం పక్కకు ఒరిగితే దోనె ఇంకొంచెం ఎక్కువగా ఒరుగుతుంది. అలవాటు లేనివాడు లేచి నిలబడ్డాడంటే నీళ్ళలో పడ్డట్టే! మరి అవే దోనెలు రెండు తెచ్చి, కాస్త ఎడంగా పక్కపక్కన ఉంచి, అడ్డంగా కర్రలు వేసి తాళ్ళతో బిగించి కట్టారనుకోండి. ఇప్పుడు దాని మీద మనుషులు నిలబడవచ్చు, బస్తాలు వేయవచ్చు. ఇలా జతగా కట్టిన దోనెలకు మన భాషలో ఒక చక్కని పేరుంది - సంగడి. సంగడి అంటే జత, స్నేహం అనే అర్థాలు కూడా ఉన్నాయి. సంగడికాడు అంటే స్నేహితుడు గదా!

2008 నవంబరులో ఫిలిప్పీన్స్ దేశంలోని పంగ్లావ్ అనే చిన్న దీవి నుండి ఇలాంటి జంట దోనెల పడవలు రెండు బయలుదేరాయి. ఒక్కొక్కదాని పొడవు సుమారు 11.5 మీటర్లు. అంటే ఒక మోస్తరు లారీ కంటే కొంచెం ఎక్కువ. ఇంజను లేదు. తెరచాప, తెడ్డు, తాళ్ళు - అంతే. వాటిని గీసి, కట్టించి, తామే ఎక్కి బయలుదేరిన జంట జేమ్స్ వార్రమ్, హానెకె బూన్. జేమ్స్ ఇంగ్లండువాడు, అప్పటికి ఆయన వయసు 80 సంవత్సరాలు. హానెకె హాలండు దేశస్థురాలు. 1970ల నుండి ఆయనకు సహచరి, పడవల రూపకల్పనలో సరిసమానంగా పనిచేసిన నిపుణురాలు. ఒక జర్మన్ నావికుడు ఈ యాత్రకు ఏర్పాట్లు చూశాడు. మరికొందరు దేశదేశాల నావికులు వారి వెంట ఉన్నారు.

వారు చేరవలసిన చోటు పసిఫిక్ మహాసముద్రంలో సాలమన్ దీవుల కొసన ఉన్న రెండు చిన్న దీవులు - టికోపియా, అనూటా. దూరం సుమారు 4,000 సముద్రపు మైళ్ళు. సముద్రపు మైలు అంటే 1,852 మీటర్లు కనుక, కిలోమీటర్లలో 7,400 అన్నమాట. అయితే ఒక్క ఊపున మహాసముద్రం దాటే ప్రయాణం కాదిది. తీరాన్ని పట్టుకుని, దీవి నుండి దీవికి దాటుకుంటూ, రేవుల్లో ఆగుతూ, గాలి కోసం కాచుకుంటూ సాగిన ప్రయాణం. మొత్తం ఐదు నెలలు పట్టింది. లెక్క కట్టి చూడండి: రోజుకు సగటున 27 మైళ్ళే! సైకిలు మీద మూడు గంటల్లో పోయే దూరం.

ఇంత నిదానంగా, ఇంత వయసులో, ఇంజను కూడా లేకుండా ఎందుకు వెళ్ళినట్లు?

మూడు వేల ఏళ్ళ నాటి చిక్కుప్రశ్న

పసిఫిక్ పటం ఒకసారి తీసి చూడండి. ఫిలిప్పీన్స్‌కు ఆగ్నేయంగా న్యూగినీ, దాని తరువాత సాలమన్ దీవులు, ఆపైన ఫిజీ, టోంగా, సమోవా - చిట్లిన కుండ పెంకుల్లా దీవులు తూర్పుకు పోయేకొద్దీ చిన్నవవుతూ, దూరమవుతూ ఉంటాయి. ఈ దీవులన్నింటిలోను ఐరోపావారు రాకముందే మనుషులున్నారు. వాళ్ళు అక్కడికి ఎలా చేరారు?

కుండ పెంకుల సంగతి ఊరికే అనలేదు. 1952లో న్యూ కాలిడోనియాలోని లపీటా అనే చోట తవ్వకాల్లో ఒక రకం మట్టి పెంకులు దొరికాయి. వాటి మీద పళ్ళున్న ముద్రలతో నొక్కిన చుక్కల ముగ్గులున్నాయి. అలాంటి పెంకులే న్యూగినీ పక్కనున్న బిస్మార్క్ దీవుల నుండి సమోవా దాకా దొరుకుతూ వచ్చాయి. పశ్చిమాన ఉన్నవి పాతవి, తూర్పున ఉన్నవి కొత్తవి. అంటే సుమారు మూడు వేల ఏళ్ళ కిందట ఒక జనం పడమర నుండి తూర్పుకు నడిచింది - నేల మీద కాదు, నీళ్ళ మీద. 2016లో శాస్త్రజ్ఞులు వనువాటు దీవుల్లోని పాత సమాధులలో దొరికిన మూడు వేల ఏళ్ళ నాటి ఎముకల నుండి డి.ఎన్.ఎ. తీసి చూశారు. ఆ జనానికి తైవాన్, ఫిలిప్పీన్స్ ప్రాంతాల జనంతో దగ్గరి చుట్టరికం ఉందని తేలింది.

చిక్కు ఎక్కడంటే, ఆ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు నుండి పడమరకు వీస్తుంది. తెరచాప పడవవాడికి అది ఎదురుగాలి. ఎదురుగాలికి పసిబిడ్డలను, పందులను, కోళ్ళను, దుంపల విత్తనాలను వేసుకుని వెళ్ళారంటే నమ్మడం కష్టం. అందుకే 1947లో థార్ హెయెర్‌డాల్ అనే నార్వేజియన్ 'కోన్-టికి' అనే తెప్ప మీద దక్షిణ అమెరికా నుండి గాలివాటాన పడమరకు కొట్టుకుపోయి, పసిఫిక్ జనం అటువైపు నుండే వచ్చి ఉంటారని వాదించాడు. ధైర్యవంతుడే, సందేహం లేదు. కాని ఆయన వాదాన్ని పెంకులూ ఒప్పుకోలేదు, భాషలూ ఒప్పుకోలేదు. మరికొందరు, దారి తప్పి కొట్టుకుపోయిన జాలరులే ఆ దీవులను నింపారన్నారు. 1973లో ముగ్గురు శాస్త్రజ్ఞులు కంప్యూటరులో గాలులు, ప్రవాహాలు పోసి వేలాది పడవలను లెక్కల్లో వదిలి చూశారు. ఊరికే కొట్టుకుపోయే పడవలు కొన్ని దూరపు దీవులను ఏనాటికీ చేరవని తేలింది. 1976లో 'హోకులేయా' అనే జంట దోనెల పడవ మావు పియాయిలుగ్ అనే దీవివాసి మార్గదర్శకత్వంలో, దిక్సూచి కూడా లేకుండా, హవాయి నుండి తాహితికి వెళ్ళింది. తెలిసి, కావాలని, దారి ఎరిగి చేసే ప్రయాణం సాధ్యమేనని అప్పుడు లోకానికి తెలిసింది.

జేమ్స్, హానెకె పట్టుకున్నది ఆ కథ మొదటి అంకాన్ని. పాత జనం నడిచిన మొదటి దారి - ఫిలిప్పీన్స్, తూర్పు ఇండోనేషియా, న్యూగినీ ఉత్తర తీరం, సాలమన్ దీవులు - ఈ దారిన జంట దోనెలు తూర్పుకు ఎలా పోగలవు?

కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినట్లు

బస్సులో చోటు దొరకక నిలబడినప్పుడు మీరేం చేస్తారు? కాళ్ళు ఎడంగా పెడతారు. జంట దోనెలు చేసే పనీ అదే.

పడవ బరువు కిందికి లాగుతుంది. నీరు దాన్ని పైకి నెడుతుంది. పడవ నిటారుగా ఉన్నప్పుడు ఈ రెండు బలాలూ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. గాలి వచ్చి పడవను ఒరిగించిందనుకోండి. మునిగిన వైపు నీరు ఎక్కువగా నెడుతుంది కనుక, పైకి నెట్టే బలం ఆ పక్కకు జరుగుతుంది. అది ఎంత దూరం జరిగితే పడవను తిరిగి నిలబెట్టే శక్తి అంత ఎక్కువ. తూములో పడ్డ బండిని లేపడానికి పొడుగాటి గునపం వాడతాం చూశారా, అలాగన్నమాట. అర మీటరు వెడల్పున్న ఒంటి దోనెలో ఆ బలం మహా అయితే పావు మీటరు జరుగుతుంది. అటువంటివే రెండు దోనెలను రెండు మీటర్ల ఎడంతో కట్టారనుకోండి. ఒక దోనె నీటి నుండి లేచే సమయానికి పైకి నెట్టే బలమంతా రెండో దోనె కిందికి చేరుతుంది - అంటే మధ్య నుండి ఒక మీటరు. నాలుగింతలు! దానికి తోడు దోనెలు రెండు గనుక బరువు కూడా రెట్టింపు, మొత్తం ఎనిమిదింతలు.

మామూలు పెద్ద తెరచాప పడవలు నిలబడేందుకు అడుగున సీసం, ఇనుము దిమ్మలు మోస్తాయి. జంట పడవకు ఆ బరువు అక్కరలేదు. బరువు లేదు కనుక లోతుకు మునగదు. లోతుకు మునగదు కనుక పగడపు దిబ్బల మధ్య నుండి పోయి, ఇసుక మీదికే ఎక్కి కూర్చోగలదు. తీరం వెంట తిరిగేవారికి ఇది ఎంత సుఖమో చెప్పనక్కరలేదు. రేవు కట్టని దీవికి కూడా వెళ్ళవచ్చు.

కాని ఇందులో ఒక మోసం ఉంది. దిమ్మ మోసే పడవ గాలి పెరిగేకొద్దీ ఒరుగుతూ 'జాగ్రత్త, జాగ్రత్త' అని చెబుతూ ఉంటుంది. పూర్తిగా పడుకున్నా అడుగు బరువు దాన్ని మళ్ళీ లేపుతుంది. జంట పడవ అలా చెప్పదు. గట్టిగా, చదునుగా నిలబడే ఉంటుంది. ఒక దోనె నీటి నుండి లేచిందంటే మాత్రం, ఆ క్షణం నుండి దాన్ని నిలబెట్టే శక్తి పెరగదు, తగ్గడం మొదలవుతుంది. తలకిందులైతే? తలకిందులుగా కూడా అంతే గట్టిగా నిలబడుతుంది! మనుషుల బలంతో తిప్పడం కుదరని పని. అందుచేత జంట పడవ నడిపేవారు పడవను చూసి కాదు, ఆకాశాన్ని చూసి చాప తగ్గించాలి. మబ్బు కింద సముద్రం నల్లబడి, నురగలు కనబడగానే చాప దించేయాలి. భూమధ్యరేఖ దగ్గర ఇలాంటి గాలివాన జల్లులు పగలు రాత్రి అనకుండా వస్తాయి. ఇద్దరు ముగ్గురు మేలుకొని ఉండే రాత్రి కాపలాలో ఈ చూపు తప్పితే రెండో అవకాశం ఉండదు.

ఇక వేగం సంగతి. పడవ నీటిని చీల్చుకుంటూ పోతుంటే ముందు ఒక కెరటం లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ కెరటం పొడవు పెరుగుతుంది. అది పడవ పొడవుతో సమానమయ్యేసరికి, పడవ తాను లేపిన కెరటం మీదికి తానే ఎక్కలేక అవస్థ పడుతుంది. నీటిలో ఉండే భాగం పొడవు 9 మీటర్లయితే ఆ హద్దు గంటకు సుమారు 13.5 కిలోమీటర్లు. లావు పడవలన్నీ అక్కడ ఆగిపోవలసిందే. కాని దోనె సన్నగా ఉంటుంది. అది లేపే కెరటమే చిన్నది. అందుచేత సన్నని జంట దోనెలు మంచి గాలి దొరికితే ఆ హద్దును దాటిపోతాయి. 1876లో అమెరికాలో నథానియెల్ హెరెషాఫ్ అనే పడవల నిపుణుడు ఇలాంటి జంట పడవతో న్యూయార్కు పందెంలోకి దిగి అందరినీ ఓడించాడు. ఓడిపోయినవారు ఏం చేశారో తెలుసా? అది పడవే కాదని అభ్యంతరం చెప్పి పందెం నుండి తొలగించారు!

మేకు కాదు, తాడు

అప్పటికే ఈ రకం పడవకు ఇంగ్లీషులో ఒక పేరుండేది - కాటమరాన్. ఆ పేరు ఎక్కడిదనుకుంటున్నారు? మన తూర్పు తీరానిదే. తమిళంలో కట్టుమరం. కట్టు అంటే మనకూ కట్టే. మరం మన మ్రానుకు చుట్టం. 17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఆంగ్లేయ నావికులు జాలరులు వాడే ఈ దుంగల తెప్పలను చూసి ఆ పేరు పట్టుకుపోయారు. నిజానికి కట్టుమరం రెండు దోనెల పడవ కాదు. మూడో నాలుగో తేలిక దుంగలను కలిపి కట్టిన తెప్ప. విశాఖ, కాకినాడ తీరాల్లో పెద్దలకు తెప్ప అంటే తెలియనిది కాదు. వేట నుండి వచ్చాక తాళ్ళు విప్పి, దుంగలను విడివిడిగా ఇసుక మీద ఆరబెట్టేవారు. ఫైబరు పడవలు వచ్చాక కొయ్య తెప్పలు బాగా తగ్గిపోయాయి. అసలు జంట దోనెల పేరు మన సంగడే. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథంలో, మన తూర్పు తీరంలో పెద్ద మొద్దులను జతచేసి కట్టిన 'సంగర' అనే నావలున్నాయని కనిపిస్తుంది. ఇంగ్లీషువాడు పేర్లు తారుమారు చేశాడు గాని, రెండింటిలోనూ ఒక రహస్యం ఉమ్మడిది. అదే కట్టు.

జేమ్స్ కూడా జీవితమంతా ఆ కట్టునే నమ్ముకున్నాడు. 1954-55లో, చేతిలో డబ్బు లేని యువకుడిగా, 7 మీటర్లకు కొంచెం మించిన జంట పడవ ఒకటి సొంతంగా కట్టి దానికి 'టాంగరోవా' అని పేరు పెట్టాడు. పెద్ద కెరటాలు వచ్చినప్పుడు రెండు దోనెలు రెండు వైపులకు లాగి విడిపోతాయని చాలామంది భయపెట్టారు. 1955లో ఇద్దరు జర్మన్ యువతులతో కలిసి ఆయన ఇంగ్లండు నుండి బయలుదేరి, స్పెయిన్ మీదుగా, 1956లో అట్లాంటిక్ దాటి ట్రినిడాడ్ చేరాడు. 1959లో మరో పెద్ద జంట పడవ మీద న్యూయార్కు నుండి ఐర్లండుకు ఉత్తర అట్లాంటిక్ దాటాడు.

దోనెలు ఎందుకు విడిపోలేదు? పెళ్ళి పందిరి గుర్తు చేసుకోండి. రాటలను, వాసాలను తాళ్ళతోనే కడతాం. గాలికి పందిరి ఊగుతుంది, కిర్రుమంటుంది, కాని విరగదు. అదే వెదురుకు మేకు కొట్టారంటే ఆ మేకు దగ్గరే పగులు పుడుతుంది. సముద్రం మీద రెండు దోనెలు ఎప్పుడూ ఒకే కెరటం మీద ఉండవు. ఒకటి లేస్తే ఇంకొకటి దిగుతుంది. అడ్డ దూలాన్ని మేకుతోనో మరతోనో బిగిస్తే, ఆ లాగుడంతా మేకు దిగిన చిన్న రంధ్రం మీద పడుతుంది. తాడుతో చుట్టలు చుట్టి కడితే ఆ బలం అన్ని చుట్టలకూ పంచబడుతుంది. తాడు కాస్త సాగి, మళ్ళీ బిగుసుకుంటుంది. తెగేముందు నలిగి, పోగులు లేచి కంటికి కనబడుతుంది. కొత్త తాడు తెచ్చి మళ్ళీ కట్టుకోవచ్చు, దానికి కార్ఖానా అక్కరలేదు. 2008 నాటి రెండు పడవలకూ దూలాలు ఇలాగే తాళ్ళతో కట్టారు.

ఆ పడవల దోనె ఆకారం కూడా కొత్తగా ఊహించినది కాదు. న్యూజిలాండులోని ఆక్లండ్ మ్యూజియంలో టికోపియా నుండి తెచ్చిన పాత దోనె ఒకటి ఉంది. దాని వంపులను చూసి హానెకె, జేమ్స్ గీశారు. తెరచాప పీత డెక్క ఆకారంలో ఉంటుంది: రెండు వంపు కర్రల మధ్య చాప, కింద మొన, పైన చీలిక. చూడడానికి మొరటుగా ఉంటుంది. గాలి సొరంగంలో పెట్టి పరీక్షించిన మార్చాయ్ అనే శాస్త్రజ్ఞుడు మాత్రం ఆశ్చర్యపోయాడు. గాలి పక్క నుండి వీచేటప్పుడు ఆ చాప అంచుల మీద సుడులు లేచి, అవే చాపను బలంగా లాగుతాయి. కాంకార్డ్ విమానపు త్రిభుజాకారపు రెక్క మీద జరిగేదీ అదే!

ఒక్క విషయం దాచకూడదు. ఈ పడవలను ప్లైవుడ్డుతో, ఎపాక్సీ జిగురుతో కట్టారు. మూడు వేల ఏళ్ళ కిందటివారి దగ్గర అవి లేవు. కనుక వీరు చేరినంత మాత్రాన పాతవారు ఇలాగే చేరారని రుజువైపోలేదు. అటువంటి ఆకారం, అటువంటి చాప, అటువంటి కట్టు ఉన్న పడవ ఆ దారిన పోగలదని మాత్రమే తేలింది. ప్రయోగం చెప్పినంతే తీసుకోవాలి.

తిరగబడే గాలి

ఇంతకూ ఎదురుగాలి మాటేమిటి? దీనికి జవాబు మీకు సగం తెలుసు.

మనకు జూన్ నెలలో నైరుతి రుతుపవనం వస్తుంది గదా. అది అసలు ఎక్కడిది? దక్షిణార్ధగోళంలో ఆగ్నేయం నుండి వీచే వ్యాపార పవనమే భూమధ్యరేఖను దాటి, భూభ్రమణం వల్ల కుడివైపుకు మళ్ళి, మనకు నైరుతి గాలిగా వస్తుంది. ఇప్పుడు దీన్ని అద్దంలో చూసినట్లు తిప్పండి. డిసెంబరు నుండి మార్చి దాకా దక్షిణార్ధగోళానికి వేసవి. అప్పుడు ఉత్తరాన ఈశాన్యం నుండి వీచే గాలి భూమధ్యరేఖను దాటి దక్షిణానికి వస్తుంది. అక్కడ ఎడమవైపుకు మళ్ళి, వాయవ్య గాలి అవుతుంది. న్యూగినీ, సాలమన్ దీవుల దగ్గర ఆ మూడు నాలుగు నెలలు పడమటి గాలులు వీస్తాయి. తూర్పుకు పోయేవాడికి అంతకంటే ఏం కావాలి? యాత్ర నవంబరులో మొదలుకావడం ఊరికే జరిగిన పని కాదని ఇప్పుడు అర్థమైంది గదా!

కాని రుతుపవనం రైలుబండి కాదు. మన దగ్గరే ఒక ఏడు ముందొస్తుంది, ఒక ఏడు మొండికేస్తుంది. భూమధ్యరేఖ పొడుగునా గాలి చచ్చిపోయే ప్రాంతాలున్నాయి. ఇంజను లేని పడవకు అక్కడ దిక్కు ప్రవాహమే, అది ఎటు తీసుకుపోతే అటే. తొందరపడేవాడికి ఈ దారి పనికిరాదు. న్యూగినీ ఉత్తర తీరంలో సెపిక్ వంటి పెద్ద నదులు అడవుల నుండి చెట్లకు చెట్లనే తెచ్చి సముద్రంలో వదులుతాయి. చీకట్లో ఒక మొద్దు తగిలితే ప్లైవుడ్డు దోనెకు చాలు. తీరం దగ్గర ప్రయాణం క్షేమమని, నడిసముద్రం ప్రమాదమని మనం అనుకుంటాం. నావికుణ్ణి అడిగితే తిరగేసి చెబుతాడు. పడవకు ప్రమాదం నీళ్ళు కాదు, నేల! తీరం వైపుకే గాలి తోస్తున్నప్పుడు, పక్కకు జారకుండా నిలబడగలిగితేనే బతుకు. అందుకే ఈ దోనెల అడుగు గుండ్రంగా కాక, నాగటి కర్రులా కోసుగా ఉంటుంది. కత్తి నీళ్ళను ముందుకు కోసినంత సులువుగా పక్కకు నెట్టలేదు గదా.

మరో తమాషా కూడా ఉంది. ఎదురుగాలి దిక్కునే పాత జనం కొత్త దీవులు ఎందుకు వెతికారు? 1992లో జెఫ్రీ ఇర్విన్ అనే పరిశోధకుడు దీనికి చాలా చక్కని మాట చెప్పాడు. గాలివాటాన పోయినవాడికి దీవి దొరకకపోతే ఇంటికి తిరిగి రావడం కష్టం. ఎదురుగాలి దిక్కుకు పోయినవాడికి తిరుగుదారి సులువు - ఎప్పటి గాలే ఇంటికి తోస్తుంది. పడమటి గాలి వీచే కొద్దికాలంలో తూర్పుకు పోయి, దీవి దొరకకపోతే, తూర్పు గాలి మళ్ళీ రాగానే తిరిగి రావచ్చు. అంటే వాళ్ళు తెగించినవాళ్ళు కాదు, లెక్క తెలిసినవాళ్ళు.

పడవ పోగొట్టుకున్న దీవి

టికోపియా ఆరిపోయిన అగ్నిపర్వతం. మొత్తం విస్తీర్ణం సుమారు 5 చదరపు కిలోమీటర్లు, మధ్యలో ఒక సరస్సు. ఒక పక్క నుండి ఇంకో పక్కకు గంటలో నడిచిపోవచ్చు. అనూటా ఇంకా చిన్నది. అర చదరపు కిలోమీటరు కూడా లేదు, సుమారు మూడు వందల మంది ఉంటారు. 1928-29లో రేమండ్ ఫర్త్ అనే మానవశాస్త్రజ్ఞుడు టికోపియాలో ఉండి ఆ జనం గురించి గొప్ప పుస్తకాలు రాశాడు. ఆ రోజుల్లో వాళ్ళు దోనెల మీద సముద్రం దాటి వెళ్ళేవారు. వెళ్ళి తిరిగిరాని యువకులూ చాలామంది.

తరువాత కాలంలో ఓడలు రావడం మొదలైంది. ఎప్పుడో ఒక ఓడ. పెద్ద దోనెలు కట్టే పని వెనకబడింది. 2002 డిసెంబరు చివర 'జోయి' అనే భయంకరమైన తుఫాను టికోపియాను తాకింది. జనం కొండ మీది రాళ్ళ చాటున, గుహల్లో దాక్కున్నారు. ఆశ్చర్యమేమంటే ఒక్కరూ చనిపోలేదు. కాని ఇళ్ళు, తోటలు పోయాయి. సరస్సుకు, సముద్రానికి మధ్యనున్న ఇసుక కట్ట తెగి ఉప్పునీరు లోపలికి వచ్చింది. సహాయం తెచ్చిన ఓడ చేరేసరికి దాదాపు వారం పట్టింది. ఆ వారం రోజులు పక్క దీవి బతికుందో లేదో తెలుసుకోవడానికి కూడా వారి చేతిలో సాధనం లేదు.

జేమ్స్, హానెకె 1990ల్లో తమ పెద్ద జంట పడవ 'స్పిరిట్ ఆఫ్ గాయా' మీద పసిఫిక్ తిరుగుతూ టికోపియాను చూశారు. 2008 నాటి పడవలకు పెట్టిన పేర్లు చూస్తే యాత్ర రెండో ఉద్దేశం తెలిసిపోతుంది - ఒకటి 'లపీటా టికోపియా', ఇంకొకటి 'లపీటా అనూటా'. 2009 మార్చి నాటికి యాత్ర ముగిసింది. ఒక పడవను టికోపియా జనానికి, ఒకదాన్ని అనూటా జనానికి ఇచ్చేశారు. మ్యూజియంలోకి పోయిన దోనె ఆకారం సముద్రం మీదుగా తిరిగి సొంత దీవికి వచ్చింది. జేమ్స్ 2021 డిసెంబరులో, 93వ ఏట మరణించాడు.

ఆ రెండు దీవుల మధ్య దూరం సుమారు 135 కిలోమీటర్లు. నడుమ నీళ్ళు తప్ప ఏమీ లేవు. వినడానికి భయంగా ఉంది గదూ? మనమొక లెక్క వేద్దాం. భూమి గుండ్రంగా ఉంది కనుక, సముద్రం మీద ఒక వస్తువు ఎంత ఎత్తుగా ఉంటే అంత దూరం నుండి కనబడుతుంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. టికోపియా శిఖరం ఎత్తు 380 మీటర్లు. దాని వర్గమూలం 19.5. గుణిస్తే సుమారు 70 కిలోమీటర్లు. పడవలో నిలబడినవాడి కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటే ఇంకో 5 కలపండి - మొత్తం 75. అనూటా ఎత్తు సుమారు 80 మీటర్లే. దాని లెక్క మీరే వేయండి. సుమారు 37 వస్తుంది. ఈ రెండూ కలిపితే 112. అంటే ఆకాశం బాగా తెరిపిగా ఉన్న రోజున, 135 కిలోమీటర్ల దారిలో రెండు దీవులూ కనబడని భాగం 23 కిలోమీటర్లే! మబ్బు, మంచు ఉంటే ఇది చాలా పెరుగుతుంది. అప్పుడు పక్షులు సాయం చేస్తాయి. పొద్దున్నే దీవి నుండి 30 కిలోమీటర్ల దాకా వేటకు వచ్చిన పక్షులు సాయంత్రం తిన్నగా ఇంటికి పోతాయి. అవి ఎగిరిన దిక్కే దీవి దిక్కు.

నిదానమైన గాలిలో జంట దోనెల పడవ గంటకు ఏడు కిలోమీటర్లు పోతుందనుకుందాం. ఆ 23 కిలోమీటర్లకు పట్టేది మూడు గంటల పైచిలుకు. వెనక టికోపియా శిఖరం మునిగిపోయి, ముందు అనూటా ఇంకా లేవని ఆ మూడు గంటలూ చుక్కాని పట్టినవాడు కెరటం పడవను ఏ వైపు నుండి తడుతోందో కాళ్ళతో పట్టి చూస్తూ, అదే వాటాన నడుపుకుంటూ పోవాలి.